పదేళ్ల బాల్యానికి కాగితాల సాక్ష్యం

ఒక దేశపు గడ్డ మీద పుట్టడమూ ఆ దేశ పౌరసత్వం పొందడమూ ఒకటేనన్న సూత్రానికి బ్రిటన్‌లో 1983 జనవరి 1తో కాలం చెల్లింది. అంతకుముందు, విదేశీ రాయబారుల సంతానం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అక్కడ పుట్టిన ప్రతి శిశువునూ పౌరుడిగానే లెక్కించేవారు. 1981లో పార్లమెంటు ఆమోదించిన బ్రిటిష్ జాతీయతా చట్టం ఆ రోజు అమల్లోకి రావడంతో జన్మస్థలానికి తోడు తల్లిదండ్రుల హోదా కూడా లెక్కలోకి వచ్చింది. శిశువు పుట్టేనాటికి తల్లి గాని తండ్రి గాని బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా అక్కడ స్థిరనివాసులై ఉండాలి. స్థిరనివాసమంటే గడువు లేకుండా ఉండిపోయేందుకు లభించే అనుమతి. అక్కడి తెలుగువారు ఐఎల్ఆర్ అని పొడి అక్షరాలతో వ్యవహరించే 'ఇండెఫినిట్ లీవ్ టు రిమెయిన్' ఇదే. ఉద్యోగ వీసా మీదో విద్యార్థి వీసా మీదో ఉన్న దంపతులకు లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో బిడ్డ పుడితే, జనన ధ్రువపత్రం మీద బ్రిటన్ పట్టణం పేరు ఉన్నా, ఆ బిడ్డ పుట్టుకతో బ్రిటిష్ పౌరుడు కాడు.

అయితే అదే చట్టం ఇలాంటి పిల్లలకు రెండు ద్వారాలు తెరిచి ఉంచింది. మొదటి సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం ప్రకారం, బిడ్డకు 18 ఏళ్లు నిండేలోగా తల్లిదండ్రులలో ఒకరు పౌరసత్వమో స్థిరనివాసమో పొందితే, ఆ బిడ్డను పౌరుడిగా నమోదు చేయించవచ్చు. నాలుగో ఉపవిభాగం తల్లిదండ్రుల హోదాతో ప్రమేయమే లేని దారిని చూపుతుంది: బ్రిటన్‌లో పుట్టిన వ్యక్తి తన జీవితంలోని మొదటి పదేళ్లలో ఏ ఒక్క సంవత్సరంలోనూ 90 రోజులకు మించి దేశం వెలుపల ఉండకపోతే, పదేళ్లు నిండిన తరువాత ఎప్పుడైనా పౌరుడిగా నమోదు కావడానికి హక్కుదారు అవుతాడు. ఈ దరఖాస్తుకు ఫారమ్ టి అని పేరు. హక్కును ప్రసాదించే ఆ వాక్యం చట్టంలో ఒక పేరా మించదు. దాన్ని నిరూపించే దస్త్రం మాత్రం పదేళ్ల బాల్యమంత పొడుగుంటుంది.

చట్టం అడిగేది, అడగనిది

ఈ సందర్భంలో రెండు పదాల మధ్య తేడా గమనించదగినది. పెద్దవారు విదేశీ పౌరసత్వం నుంచి బ్రిటిష్ పౌరసత్వానికి మారే ప్రక్రియను 'నాచురలైజేషన్' అంటారు; అక్కడ అర్హతలన్నీ ఉన్నా మంజూరు చేయడం హోం మంత్రి విచక్షణకు లోబడి ఉంటుంది. పిల్లల విషయంలో జరిగేది 'రిజిస్ట్రేషన్', అంటే నమోదు. పైన చెప్పిన రెండు దారుల్లోనూ అర్హత రుజువైతే నమోదు చేయడం ప్రభుత్వ బాధ్యత. చట్టంలోని మూడో సెక్షన్ కింద విచక్షణతో జరిగే నమోదు కూడా ఒకటుంది గాని, అది సాధారణంగా బ్రిటన్ వెలుపల పుట్టి బ్రిటన్‌లో పెరుగుతున్న పిల్లలకు వర్తిస్తుంది. అందులో బిడ్డ భవిష్యత్తు బ్రిటన్‌లోనే ఉంటుందా, కుటుంబం అక్కడ స్థిరపడిందా అనే విషయాలను అధికారులు తూచి చూస్తారు.

పదేళ్ల దారిలో అలాంటి తూకం లేదు. బిడ్డకు ఆ పదేళ్లూ వీసా ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. తల్లిదండ్రులు దేశంలో సక్రమంగా ఉన్నారా, గడువు దాటి ఉన్నారా అన్నదీ కాదు. ఇకముందు బ్రిటన్‌లోనే ఉంటానని మాట ఇవ్వనవసరమూ లేదు. దరఖాస్తుకు పై వయసు పరిమితి కూడా లేకపోవడం వల్ల, మొదటి పదేళ్లు అక్కడే గడిపిన వ్యక్తి ముప్పయ్యో ఏట అడిగినా ఆ హక్కు అలాగే ఉంటుంది. దరఖాస్తుదారులందరూ పదేళ్లు నిండినవారే కాబట్టి సత్ప్రవర్తన నిబంధన వర్తిస్తుంది. అది మినహా చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ పదేళ్లూ ఈ బిడ్డ ఎక్కడ ఉంది?

తల్లిదండ్రులలో ఒకరికి ఐఎల్ఆర్ వచ్చిన కుటుంబానికి ఈ ప్రశ్న ఎదురుకాదు. మూడో ఉపవిభాగం కింద ఆ హోదాకు రుజువు, బిడ్డ జనన ధ్రువపత్రం ప్రధానంగా సరిపోతాయి. ఉద్యోగ వీసా మీద ఐదేళ్లకు స్థిరనివాసం లభించే పద్ధతి ఉండటంతో చాలా తెలుగు కుటుంబాలు ఆ దారినే వెళ్లాయి. వీసాలు మారడం వల్ల, మధ్యలో ఉద్యోగం పోవడం వల్ల, చదువు నుంచి ఉద్యోగానికి మారేసరికి లెక్క మళ్లీ మొదటికి రావడం వల్ల బిడ్డకు పదేళ్లు వచ్చినా స్థిరనివాసం అందని కుటుంబాలకు నాలుగో ఉపవిభాగమే ఆధారం. 2025 మేలో బ్రిటన్ ప్రభుత్వం వెలువరించిన వలస విధాన శ్వేతపత్రం స్థిరనివాసానికి సాధారణ గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలని ప్రతిపాదించింది. తల్లిదండ్రుల నిరీక్షణ అలా పెరిగితే, తల్లిదండ్రుల కంటే ముందే అర్హతకు చేరే పిల్లల సంఖ్య పెరుగుతుంది. బిడ్డ నివాసానికి ఆధారాలు కూడగట్టవలసిన అవసరం కూడా అంతే పెరుగుతుంది.

సాక్ష్యానికి బలం ఎక్కడిది

పెద్దవారు ఒక దేశంలో నివసిస్తే వారి అడుగుజాడలు వాటంతట అవే కాగితం మీద పడతాయి: జీతపు చిట్టీ, ఏడాది చివర యజమాని ఇచ్చే పీ60 పన్ను పత్రం, అద్దె ఒప్పందం, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, బ్యాంకు ఖాతా. పసిబిడ్డ పేరు మీద ఇవేవీ ఉండవు. తల్లిదండ్రుల కాగితాలు కట్టలుగా జతచేసినా అవి చెప్పేది తల్లిదండ్రులు బ్రిటన్‌లో ఉన్నారని మాత్రమే. బిడ్డ వారితోనే ఉందన్నది అక్కడి నుంచి చేసుకునే ఊహ. బిడ్డను ఏడాదో రెండేళ్లో అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర ఉంచి ఉద్యోగాలకు వెళ్లే ఆనవాయితీ తెలుగు కుటుంబాల్లో కొత్తది కాదు కాబట్టి, ఆ ఊహ ఎప్పుడూ నిజం కావాలని లేదని అధికారి అనుకుంటే దాన్ని తప్పుపట్టలేము.

అందువల్ల బరువైన సాక్ష్యం రెండు లక్షణాలు కలిగి ఉంటుంది. ఒకటి, అది బిడ్డ పేరు మీద ఉండి, బిడ్డను స్వయంగా చూసినవారు రాసినదై ఉండాలి. రెండోది, ఆ పని జరిగిన రోజునే, పౌరసత్వంతో సంబంధం లేని అవసరం కోసం అది పుట్టి ఉండాలి. నర్సు టీకా వేసి తేదీ రాసేది తరువాతి మోతాదు ఎప్పుడో తెలియడానికి. ఉపాధ్యాయురాలు హాజరు వేసేది ఎవరు రాలేదో తెలుసుకోవడానికి. పదేళ్ల తరువాత కుటుంబ మిత్రుడు రాసిచ్చే ఉత్తరం ఎంత నిజాయితీ గలదైనా, అది సాక్ష్యం కోసమే పుట్టిన సాక్ష్యం. టీకా తేదీకి అలాంటి ఉద్దేశం అంటగట్టలేరు.

రుజువుకు కావలసిన స్థాయి క్రిమినల్ కేసులలో కోరేటంత కఠినమైనది కాదు; రెండు అవకాశాలలో ఏది ఎక్కువ నమ్మదగినదో తూచే సివిల్ ప్రమాణాన్నే ఇక్కడ పాటిస్తారు. 3,650 రోజులకూ 3,650 కాగితాలు చూపమని ఎవరూ అడగరు. కానీ చట్టం "ప్రతి సంవత్సరం" అన్న షరతు పెట్టింది కాబట్టి, తొమ్మిదేళ్లకు దండిగా ఆధారాలుండి ఒక ఏడాదికి ఏమీ లేకపోతే, ఆ ఖాళీ మీదే అధికారి చూపు నిలుస్తుంది.

ఏడాదికేడాది కాగితం చూపడమన్న పని ఎంత బాధాకరం కాగలదో బ్రిటన్ సమాజం 2018లో ప్రత్యక్షంగా చూసింది. 1948 జూన్‌లో టిల్బరీ రేవుకు చేరిన ఎంపైర్ విండ్రష్ నౌక పేరుతో పిలిచే తరానికి చెందిన కరీబియన్ ప్రజలు, చిన్నతనంలో తల్లిదండ్రుల పాస్‌పోర్టుల మీద సక్రమంగా వచ్చి, దశాబ్దాలుగా పనిచేసి పన్నులు కట్టినవారు, తమ నివాసాన్ని ప్రతి సంవత్సరానికీ నిరూపించలేక ఉద్యోగాలు, వైద్యం, ఇళ్లు పోగొట్టుకున్నారు. కొందరు నిర్బంధానికీ దేశ బహిష్కరణకూ గురయ్యారు. వారి రాకకు ఆధారంగా నిలవగల పాత ల్యాండింగ్ కార్డులను బ్రిటన్ హోం మంత్రిత్వ శాఖ అయిన హోం ఆఫీసే 2010లో ధ్వంసం చేసిందని తరువాత బయటపడింది. అప్పటి హోం మంత్రి అంబర్ రడ్ ఆ వివాదం నడుమ 2018 ఏప్రిల్ చివర రాజీనామా చేశారు. ప్రభుత్వ దస్త్రాల్లో అంతా ఉంటుందిలే అన్న భరోసా ఎంత బలహీనమో ఆ ఉదంతం చెబుతుంది.

తొలి నాలుగేళ్లు: పలుచని కాలం

బడిలో చేరకముందు గడిచే నాలుగేళ్లే ఆధారాల పరంగా అతి క్లిష్టమైనవి. ఈ కాలపు ఆధారాల్లో మొదటిది జనన ధ్రువపత్రం. ఇంగ్లండ్, వేల్స్‌లలో బిడ్డ పుట్టిన 42 రోజుల్లోగా, స్కాట్లాండ్‌లో 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి. ధ్రువపత్రం రెండు రూపాల్లో లభిస్తుంది. బిడ్డ వివరాలు మాత్రమే ఉండే చిన్న పత్రం ఇందుకు పనికిరాదు, తల్లిదండ్రుల పేర్లతో సహా ఉండే పూర్తి పత్రమే కావాలి.

రెండోది, అంతకంటే విలువైనది, 'రెడ్ బుక్'. ఎరుపు అట్ట వల్ల ఆ పేరు వచ్చిన ఈ పుస్తకం బిడ్డ వ్యక్తిగత ఆరోగ్య నివేదిక. దాన్ని తల్లిదండ్రుల చేతికే ఇచ్చి, బిడ్డను చూసిన ప్రతిసారీ అందులో రాయడం అక్కడి జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, పద్ధతి. ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను పరామర్శించే శిక్షణ పొందిన నర్సును హెల్త్ విజిటర్ అంటారు. ఇంగ్లండ్‌లో ఆమె మొదటి సందర్శన బిడ్డ పుట్టిన 10 నుంచి 14 రోజుల మధ్య జరుగుతుంది; తరువాత 6 నుంచి 8 వారాల మధ్య, 9 నుంచి 12 నెలల మధ్య, మళ్లీ రెండు, రెండున్నర ఏళ్ల మధ్య పరిశీలనలుంటాయి. ఇక టీకాల విషయానికొస్తే, ఇప్పుడు పదేళ్లకు చేరుతున్న పిల్లల కాలంలో అవి 8, 12, 16 వారాలకు, ఏడాదికి, ఆపైన మూడేళ్ల నాలుగు నెలలకు పడేవి.

ఈ రెండు క్రమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి ఏడాది తేదీలతో నిండి ఉంటుంది. ఏడాది టీకా తరువాత మూడేళ్ల నాలుగు నెలల దాకా మధ్యలో ఒకే ఒక్క పరిశీలన ఉంటుంది, అదీ జరగకపోతే రెండేళ్లకు పైగా ఎరుపు పుస్తకం ఖాళీగానే మిగిలిపోవచ్చు. జలుబుకో చెవిపోటుకో కుటుంబ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లిన తేదీలు, పళ్ల డాక్టరు దగ్గర నమోదైన తనిఖీలు, రాత్రివేళ అత్యవసర విభాగానికి వెళ్లినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పత్రాలు ఆ ఖాళీని నింపుతాయి. కుటుంబ వైద్యుడిని అక్కడ జీపీ అంటారు. ఆయన వద్ద పేరు నమోదై ఉన్నంత మాత్రాన బిడ్డ దేశంలో ఉన్నట్టు రుజువు కాదు, ఎందుకంటే ఊరు విడిచి వెళ్లినా పేరు జాబితాలో అలాగే ఉండిపోవచ్చు. బిడ్డను చూసిన తేదీల వరుస గల వైద్య నివేదిక ముద్రిత ప్రతి, "ఫలానా సంవత్సరం నుంచి మా వద్ద నమోదై ఉన్నారు" అనే ఒక వాక్యపు ఉత్తరం కంటే ఎన్నో రెట్లు బలమైనది. ఉత్తరం రాసివ్వడం ఎన్‌హెచ్‌ఎస్ విధుల్లోకి రాదు కాబట్టి జీపీలు దానికి రుసుము తీసుకోవచ్చు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద సొంత నివేదిక ప్రతిని కోరితే మాత్రం సాధారణంగా ఉచితంగా, నెల రోజుల్లో ఇవ్వాలి.

నర్సరీ ఈ కాలంలో మరో ఆసరా. ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటల ఉచిత నర్సరీ వసతి ఉండటం వల్ల, మూడో పుట్టినరోజు దాటిన బిడ్డలు చాలామంది ఏదో ఒక చోట హాజరుపట్టీలోకి చేరతారు. అంతకంటే చిన్నపిల్లల్ని డబ్బు కట్టి పంపితే ఆ నెలవారీ బిల్లులూ సాక్ష్యమే. ప్రైవేటు నర్సరీలు మూతపడటం, చేతులు మారడం మామూలే కాబట్టి, బిడ్డ అక్కడ మానేసే రోజునే చేరిన తేదీ, మానిన తేదీ, వారంలో వచ్చిన రోజులు రాయించుకున్న ఉత్తరం పదేళ్ల తరువాత వెతుకులాటను తప్పిస్తుంది. ఇతర కుటుంబాల విషయంలో 'చైల్డ్ బెనిఫిట్' అనే ప్రభుత్వ భృతి ఉత్తరాలు కూడా ఈ ఖాళీని నింపుతాయి గాని, ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ప్రభుత్వ నిధుల నుంచి సాయం పొందరాదన్న షరతు ఉండటంతో తెలుగు కుటుంబాల్లో అధికభాగం వద్ద అవి ఉండవు. ఆరోగ్య నివేదిక, నర్సరీ పత్రాల మీద వీరు మరింతగా ఆధారపడటానికి అదీ ఒక కారణం.

బడి మొదలయ్యాక

ఇంగ్లండ్‌లో పిల్లలు నాలుగేళ్లు నిండిన తరువాతి సెప్టెంబరులో 'రిసెప్షన్' అనే తొలి తరగతిలో చేరతారు. అక్కడి నుంచి ఆధారాలకు కొదవుండదు: ఉదయం, మధ్యాహ్నం వేసే హాజరు, ఏడాది చివరి ప్రగతి నివేదిక, తల్లిదండ్రులకు వచ్చే ఉత్తరాలు. ప్రభుత్వ బడులు ఏడాదికి 190 రోజులు నడుస్తాయి కాబట్టి, హాజరు శాతంతో కూడిన నివేదిక ఒక్కటే ఆ ఏడాదిలో సగానికి పైగా రోజుల గురించి మాట్లాడుతుంది. 90 రోజుల పరిమితికి లోపలే బిడ్డ ఉందని నమ్మించడానికి దీనికి మించిన పత్రం అరుదు.

ఇక్కడ చేసే పొరపాటు, బడి అన్నీ ఎప్పటికీ దాచి ఉంచుతుందనుకోవడం. ఇంగ్లండ్‌లో 2024 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు హాజరు నమోదులను ఆరేళ్లు భద్రపరచమంటాయి. అంతకుముందున్న నిబంధన మూడేళ్లే కోరేది. బిడ్డకు పదేళ్లు నిండాక ఐదో ఏటి హాజరు కోసం అడిగితే అది అప్పటికే తొలగించి ఉండవచ్చు. బడి మారినప్పుడు ముఖ్యమైన దస్త్రం కొత్త బడికి వెళ్తుంది గాని రోజువారీ వివరాలన్నీ వెళ్లవు. ప్రభుత్వ నిర్వహణలోని బడిని తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా కోరితే, బిడ్డ విద్యా నివేదికను 15 బడి దినాల్లోగా చూపడమో ప్రతి ఇవ్వడమో చేయాలన్న నిబంధన ఇంగ్లండ్‌లో ఉంది. బడి మారే ప్రతిసారీ ఆ హక్కును వాడుకుంటే సరిపోతుంది.

బడి ఇచ్చే ఉత్తరం ఎలా ఉండాలన్నదీ ఆలోచించదగిన విషయమే. బడి ముద్రిత శీర్షిక మీద, బిడ్డ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, చేరిన తేదీ, ఒక్కో విద్యాసంవత్సరంలో హాజరు, దీర్ఘకాలం రాని సందర్భాలుంటే వాటి తేదీలు, రాసినవారి హోదా, సంతకం ఉంటే ఆ ఒక్క కాగితం ఐదారేళ్ల భారాన్ని మోస్తుంది. "మంచి విద్యార్థి, అందరితో కలిసిపోతుంది" అన్న ప్రశంస తల్లిదండ్రులకు సంతోషం కలిగించవచ్చు గాని, తేదీలు లేని ప్రశంసకు ఈ దస్త్రంలో పనిలేదు. ఈత తరగతుల పట్టాలు, ఆదివారపు తెలుగు బడి, కూచిపూడి తరగతుల రసీదులు ఉప సాక్ష్యాలుగా, ముఖ్యంగా సెలవుల నెలలను పూరించడానికి ఉపకరిస్తాయి.

ఊరికి వెళ్లివచ్చిన రోజుల లెక్క

దేశంలో ఉన్నట్టు చూపడం ఒక ఎత్తు, లేని రోజులను నిజాయితీగా లెక్కగట్టడం మరో ఎత్తు. ఈ లెక్కలో జనవరి నుంచి డిసెంబరు దాకా ఉండే సంవత్సరానికి స్థానం లేదు. పుట్టినరోజు నుంచి పుట్టినరోజుకు ఒక సంవత్సరం. బయల్దేరిన రోజు, తిరిగివచ్చిన రోజు వదిలేసి, పూర్తిగా దేశం వెలుపల గడిచిన రోజులనే లెక్కిస్తారు. ఉదాహరణకు, ఒక బిడ్డ 2015 మార్చి 15న పుట్టిందనుకుంటే, 2017 జనవరి 20న హైదరాబాద్‌కు బయల్దేరి మే 10న తిరిగివస్తే వెలుపల గడిచిన పూర్తి రోజులు 109. అయితే పుట్టినరోజు ఆ ప్రయాణం మధ్యలో పడటం వల్ల, మార్చి 14 వరకు గల 53 రోజులు రెండో సంవత్సరంలోకి, మిగిలిన 56 రోజులు మూడో సంవత్సరంలోకి చేరతాయి. ఆ రెండేళ్లలో వేరే ప్రయాణాలు లేకపోతే ఏ సంవత్సరమూ పరిమితి దాటదు. అదే బిడ్డ డిసెంబరు 1న పుట్టి ఉంటే, 109 రోజులూ ఒకే సంవత్సరంలో పడి పరిమితి దాటిపోయేది.

మొదటి ఏడాదిలో అన్నప్రాశనకో పుట్టువెంట్రుకలకో వెళ్లి, తల్లి ప్రసూతి సెలవు ముగిసేదాకా పుట్టింట్లో ఉండిపోవడం తెలుగు కుటుంబాల్లో సర్వసాధారణం. అప్పుడు పౌరసత్వం ఆలోచన ఎవరికీ ఉండదు, పదేళ్ల తరువాత ఆ నాలుగు నెలలే లెక్కను తలకిందులు చేస్తాయి. ఇలాంటి సందర్భాల కోసం చట్టం మొదటి సెక్షన్‌లోనే ఏడో ఉపవిభాగం కొంత వెసులుబాటు ఇచ్చింది. హోం ఆఫీసు మార్గదర్శకాల ప్రకారం, ఏ ఒక్క సంవత్సరంలోనూ లేని రోజులు 180 మించకుండా, పదేళ్లలో మొత్తం 990 మించకుండా ఉంటే సాధారణంగా మినహాయింపు ఇస్తారు. బిడ్డకో కుటుంబసభ్యులకో తీవ్ర అనారోగ్యం వంటి కారణాలు ఉంటే వాటినీ పరిగణిస్తారు. ఇది విచక్షణే గాని హక్కు కాదు కాబట్టి, కారణం చెప్పే ఉత్తరంతో పాటు ఆసుపత్రి పత్రాల వంటి ఆధారాలు జతచేయడం అవసరం. 2020 మార్చి చివరలో భారతదేశం అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను నిలిపివేసినప్పుడు స్వస్థలాల్లో చిక్కుకుపోయిన కుటుంబాలకు, రద్దయిన టికెట్లు, విమాన సంస్థల సందేశాలు అలాంటి ఆధారాలే.

ప్రయాణాల లెక్కకు మూలం పాస్‌పోర్టు. బ్రిటన్ విడిచి వెళ్లేవారి పాస్‌పోర్టు మీద అక్కడి అధికారులు ముద్ర వేయరు. భారత విమానాశ్రయాల్లో మాత్రం భారతీయ పాస్‌పోర్టు మీద రాకకూ పోకకూ ముద్రలు పడుతూ వచ్చాయి. కాబట్టి ఈ పిల్లల ప్రయాణ చరిత్ర ఎక్కువగా శంషాబాద్, చెన్నై, ఢిల్లీ ముద్రల్లోనే భద్రంగా ఉంటుంది. మైనర్లకు భారతీయ పాస్‌పోర్టు ఐదేళ్ల గడువుతో వస్తుంది. పదేళ్ల కాలానికి కనీసం రెండు పాస్‌పోర్టులు ఉంటాయన్నమాట. కొత్తది వచ్చాక రద్దయి తిరిగి వచ్చిన పాతదాన్ని అటకమీద పారేస్తే, మొదటి ఐదేళ్ల ముద్రలు దానితో పాటే పోతాయి. ముద్రలు మసకబారిన చోట విమాన టికెట్లు, బోర్డింగు పాసులు, ట్రావెల్ ఏజెంటు ఈమెయిళ్లు పూరిస్తాయి.

పేరు ఒకటేనా

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఇంటిపేరు ముందు రాయడం, దాన్ని ఒక్క అక్షరానికి కుదించడం, ఒక్కో పత్రంలో ఒక్కో వర్ణక్రమం వాడటం తెలుగునాట అలవాటైన విషయాలు. బ్రిటన్‌లో బిడ్డకు తండ్రి సొంత పేరునే ఇంటిపేరుగా రాసినవారూ, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినవారూ, బడిలో నోరు తిరగదని సగం పేరుతో పిలిపించుకునేవారూ ఉంటారు. జనన ధ్రువపత్రంలో ఒక పేరు, జీపీ నివేదికలో మరో వర్ణక్రమం, బడి నివేదికలో మూడో రూపం కనిపిస్తే, పదేళ్ల ఆధారాలు ముగ్గురు పిల్లలవిగా తోచే ప్రమాదముంది. పుట్టిన తేదీ, చిరునామా, పుట్టినప్పుడే కేటాయించే ఎన్‌హెచ్‌ఎస్ సంఖ్య అన్ని రూపాల్లోనూ ఒకటేనని చూపి, తేడాలకు కారణాన్ని ఒక ఉత్తరంలో వివరించడం ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. ఇంగ్లిష్‌లోనో వెల్ష్‌లోనో లేని పత్రం ఏదైనా ఉంటే ధ్రువీకరించిన అనువాదం జోడించాలి.

దస్త్రం కూర్పు

ఆధారాలన్నీ చేరాక వాటిని అమర్చే పద్ధతి కూడా ఫలితాన్ని ప్రభావితం చేస్తుంది. పుట్టినరోజు నుంచి పుట్టినరోజు దాకా పది గడులు గీసి, ఒక్కో గడిలో ఆ ఏటి ఆరోగ్య, బడి పత్రాలను, ప్రయాణ దినాల మొత్తాన్ని రాస్తే, ఏ ఏడు పలుచగా ఉందో కుటుంబానికి ముందే తెలుస్తుంది. అదే పట్టికను దరఖాస్తుతో జతచేస్తే అధికారికీ దారి దొరుకుతుంది. ఒక్కో ఏడాదికి రెండు వేర్వేరు సంస్థల నుంచి, ఏడాదిలోని వేర్వేరు నెలల్లో పుట్టిన పత్రాలు ఉండటం, ఒకే నెలకు సంబంధించిన పది కాగితాల కంటే మేలు.

దరఖాస్తుకు ఇద్దరు రిఫరీల సంతకాలు, అంటే బిడ్డను ఎరిగినవారి ధ్రువీకరణ, కావాలి. వారిలో ఒకరు ఉపాధ్యాయులు, హెల్త్ విజిటర్ వంటి, వృత్తిరీత్యా బిడ్డతో వ్యవహరించినవారై ఉండాలి. మరొకరు సాధారణంగా బ్రిటిష్ పాస్‌పోర్టు గలవారై ఉండాలి. రుసుము కూడా చిన్నది కాదు. 1,012 పౌండ్లుగా ఉన్నప్పుడే అది న్యాయస్థానాల దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ రుసుము విధించే అధికారం ప్రభుత్వానికి ఉందని తేల్చినా, అదే ఏడాది జూన్ నుంచి కట్టలేని కుటుంబాల పిల్లలకు మినహాయింపు విధానం అమల్లోకి వచ్చింది. తరువాత రుసుము 1,200 పౌండ్లు దాటింది. దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఈ మొత్తంలో అధికభాగం తిరిగి రాదు కాబట్టి, ఆధారాలు సమకూరాకే దరఖాస్తు చేయడం వివేకం. పై వయసు పరిమితి లేని ఈ దారిలో తొందరపడవలసిన అవసరమూ లేదు.

భారతదేశం వైపు నుంచి చూడవలసిన సంగతి ఒకటి మిగిలి ఉంది. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని తొమ్మిదో సెక్షన్ ప్రకారం స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం పొందినవారు భారత పౌరులుగా కొనసాగరు. బిడ్డ బ్రిటిష్ పౌరసత్వం పొందాక భారతీయ పాస్‌పోర్టును భారత దౌత్య కార్యాలయానికి సరెండర్ చేసి, తాతగారి ఊరికి వీసా లేకుండా వచ్చిపోవడానికి వీలిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవడం అందరూ అనుసరించే క్రమం. సరెండర్ చేసే ముందు ప్రతి పేజీకీ నకలు తీసి ఉంచుకోవడం మరువరాదు.

బ్రిటన్‌లో ఇల్లు మారేటప్పుడు సామానుతో పాటు పాత కాగితాలు పారేయడం ఏ కుటుంబంలోనైనా జరిగేదే, బిడ్డ పెద్దదయ్యాక ఎరుపు పుస్తకం ఆ కుప్పలోకి తేలిగ్గా చేరుతుంది. పదమూడో రోజున ఇంటికి వచ్చి బిడ్డను త్రాసులో పెట్టిన నర్సు అందులో రాసింది బరువు మాత్రమే, ఆమెకు అప్పుడు కావలసింది బిడ్డ పాలు సరిగ్గా తాగుతోందో లేదో తెలుసుకోవడం. ఆ అంకె పక్కనున్న తేదీ మాత్రం, బిడ్డ ఆ రోజు ఆ ఊళ్లో ఉందని చెప్పగల తొలి సాక్షిగా పదేళ్ల తరువాత అధికారి బల్ల మీదకు చేరుతుంది.